సాయంత్రం ఐదింటికి అన్నం

రాత్రి భోజనం సాయంత్రం ఐదింటికి అంటే మా గుంటూరు వైపు ఎవరూ నమ్మరు. ఆ టైమ్‌కి మిర్చి బజ్జీల బండి అప్పుడప్పుడే తీస్తుంటారు. ఫిన్లాండ్‌లో మాత్రం పనిరోజుల్లో, పిల్లలున్న ఇళ్ళలో భోజనాల వేళ అదే. నాలుగు, నాలుగున్నరకి ఆఫీసుల నుంచి ఇల్లు చేరతారు. ఐదు, ఐదున్నరకల్లా తిని లేచిపోతారు. మేం టాంపెరెలో దిగిన కొత్తలో ఇది విని నవ్వుకున్నాం. ఇప్పుడు మా ఇంట్లోనూ అదే వేళ.

మొదటి కొన్ని నెలలు మా ఇల్లు ఇండియా పద్ధతిలోనే నడిచింది. మా ఆయన హైదరాబాద్‌లో ఉండగా రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే మనిషి. ఇక్కడ నాలుగున్నరకే గుమ్మంలో ఉండేవారు. అంత పొద్దుండగా ఇంటికొస్తే ఏం చేయాలో ఇద్దరికీ తోచేది కాదు. టీ, బిస్కెట్లు, కాసేపు నడక, ఫోన్లు, తొమ్మిదిన్నరకి అన్నం. పాపకి అప్పుడు మూడేళ్ళు దాటాయి. దాన్ని డేకేర్‌లో వేసే వరకూ మాకు ఏ ఇబ్బందీ రాలేదు.

చేర్చుకునే ముందు డేకేర్ టీచర్ మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. అందులో సగం మాటలు తిండీ నిద్రా గురించే. పిల్లకి ఏం పడదు, ఏం తినదు, నమ్మకాల వల్ల మానేసేవి ఏమైనా ఉన్నాయా అని ఒక ఫారం ఇచ్చారు. శాకాహారం అని రాశాం. గుడ్డు తింటుందా అని ఒక్క ప్రశ్న వేశారు, అంతే, ఎందుకని అడగలేదు. తర్వాత ఒక కాగితం మీద రోజంతా గీత గీసి చూపించారు. ఎనిమిదికి గంజి, పదకొండుకి వేడి భోజనం, పన్నెండుకి పడక, రెండింటికి చిరుతిండి. అక్కడితో వాళ్ళ వంతు అయిపోయింది. ఆ తర్వాత ఐదు దగ్గర ఒక చుక్క, ఏడున్నర దగ్గర ఒక చుక్క పెట్టి ఇవి మీవి అన్నారు. ఐదింటికి మళ్ళీ వేడి భోజనం, ఏడున్నరకి ఇల్తపల, అంటే పడుకునే ముందు తినే తేలిక తిండి. ఎనిమిదికి నిద్ర. ఇలాగే చేయాలని ఆవిడేం చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఫారం ఫైల్లో పెట్టుకున్నారు.

మేం తలూపి వచ్చేశాం, తొమ్మిదిన్నరని మాత్రం వదల్లేదు. పాపేమో ఐదు కాగానే ఆకలని వంటింట్లోకి వచ్చేసేది. అరటిపండో బిస్కెట్లో పెడితే ఏడు దాకా ఆగేది, తర్వాత సోఫా మీదే నిద్ర. లేపి పెడితే ముద్ద బుగ్గన పెట్టుకుని మళ్ళీ కళ్ళు మూసేది. పదకొండింటికి తిన్న పిల్లకి ఐదింటికి ఆకలేయక ఏమవుతుంది? దానికి ముందు పెట్టేసి మేం తర్వాత తిందామనుకున్నాం. అప్పుడు రోజూ రెండు వడ్డనలు, రెండుసార్లు గిన్నెలు కడగడం. విసుగొచ్చి మేమూ దాంతోపాటే కూర్చోవడం మొదలుపెట్టాం. గొప్ప నిర్ణయమేం కాదు, బద్ధకం.

ఐదింటి భోజనం అసలు గుట్టు పదకొండింటి లంచ్‌లో ఉంది. నాకది ఉద్యోగంలో చేరాకే తెలిసింది. పదకొండు కొట్టగానే మా ఫ్లోర్‌లో కుర్చీలన్నీ ఒక్కసారి కదిలేవి. నేను ఒంటిగంట మనిషిని. నింపాదిగా ఒంటిన్నరకి క్యాంటీన్‌కి వెళ్తే గిన్నెలు ఎత్తేస్తూ ఉండేవారు. చాలాచోట్ల పదిన్నరకే తెరుస్తారు, జనం మొత్తం పదకొండుకీ పన్నెండుకీ మధ్య వచ్చిపోతారు. తర్వాత వెళ్ళిన వాళ్ళకి చల్లారిన బంగాళాదుంపలే.

లంచ్ పద్ధతి ఏ క్యాంటీన్‌కి వెళ్ళినా దాదాపు ఒకటే. ట్రే పట్టుకుని లైన్‌లో నడవాలి. ముందు సలాడ్లు వస్తాయి: క్యారెట్ తురుము, క్యాబేజీ, ఊరబెట్టిన దోసకాయలు, బీట్‌రూట్. తర్వాత ఉడికించిన బంగాళాదుంపలు, ఆ తర్వాత అసలు వంటకం. చివర్లో రొట్టెలు. రై అనే ధాన్యంతో చేసిన పుల్లటి, నల్లటి రొట్టె ఒకటి, కరకరలాడే పల్చటిది ఇంకోటి. వంటకాల పేర్ల పక్కన ఎల్, జీ, ఎం అని అక్షరాలుంటాయి. ఎల్ అంటే లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, లేనిది. జీ అంటే గ్లూటెన్, అంటే గోధుమలాంటి వాటిలోని జిగురు పదార్థం, లేనిది. ఎం అంటే పాలు అసలే తగలనిది. పాలో గోధుమో పడనివాళ్ళకి ఈ బోర్డు పెద్ద దిక్కు, ఎవర్నీ అడగక్కర్లేదు.

లైన్ మొదట్లో గోడ మీద ఒక కంచం బొమ్మ ఉంటుంది. కొన్నిచోట్ల నిజం కంచంలోనే వడ్డించి పెడతారు. సగం కంచం కూరగాయలు, పావు వంతు దుంపలో అన్నమో, మిగతా పావు చేపో మాంసమో పప్పో. బళ్ళలో, యూనివర్సిటీల్లో, ఆఫీసుల్లో అన్నిచోట్లా ఇదే లెక్క. మన కంచంలో ముప్పావు వంతు అన్నమే కదా! ఆ బొమ్మ ముందు నిలబడి నా కంచం చూసుకుంటే ఎవరో పట్టుకున్నట్టే ఉండేది.

తిన్నాక ట్రే మనమే తీసుకెళ్ళి పెట్టాలి. మిగిలింది గీకి తడి చెత్తలో వేసి, కాగితం వేరు చేసి, గ్లాసులూ కంచాలూ దేని బుట్టలో దాన్ని పెట్టాలి. డేకేర్‌లో మూడేళ్ళ పిల్లలు కూడా ఈ పని చేస్తారు. మొత్తం అరగంటలో అయిపోతుంది. మాటలు తక్కువ, కానీ ఎవరూ కంప్యూటర్ ముందు కూర్చుని తినరు. డబ్బాలు తెరిచి ఒకరి కూర ఇంకొకరికి వేసే మా హైదరాబాద్ ఆఫీసు లంచ్ గుర్తొచ్చి మొదట్లో దిగులేసేది. అదొక్కటే నాకు ఇప్పటికీ లోటు.

ఇంకో వింత పాలు. పెద్దవాళ్ళు కూడా భోజనంతోపాటు గ్లాసుడు చల్లటి పాలు తాగుతారు. సాల్మన్ చేపల సూప్ పక్కన పాల గ్లాసు చూసి మా ఆయన విరుద్ధాహారం, బొల్లి వస్తుంది అని గొణిగారు. ఆ సూప్‌లోనే మీగడ పోస్తారని తెలిశాక ఇక మాట్లాడలేదు. ఇక్కడి పాలలో 2003 నుంచి విటమిన్ డి కలుపుతున్నారు. నెలల తరబడి ఎండ పొడ సరిగ్గా తగలని దేశం మరి.

పాప ఏడో ఏట బడికి వెళ్ళాక లంచ్ ఇంకా ముందుకి జరిగింది. దాని తరగతి వంతు పదీ నలభైకి. పిల్లలు ఎక్కువ, హాలు ఒకటి, వంతులేసి తినాలి కాబట్టి ఎవరో ఒకరు ముందు తినక తప్పదు. బడి భోజనం అందరికీ ఉచితం. దానికి 1943లో చట్టం చేశారు. ఊళ్ళకి ఐదేళ్ళు గడువిచ్చి, 1948 నుంచి దేశమంతా అమలు చేశారు. అప్పటికి ఫిన్లాండ్ ధనిక దేశమేం కాదు. యుద్ధంలో ఓడి, సోవియట్ యూనియన్‌కి పరిహారం కడుతూ ఉన్న రోజులవి. అలాంటప్పుడు ప్రతి పిల్లకీ రోజూ వేడి భోజనం అనుకోవడం సామాన్యమైన మాట కాదు. మన దగ్గర మధ్యాహ్న భోజనం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ఇక్కడ డాక్టర్ కూతురూ క్లీనర్ కొడుకూ అదే లైన్‌లో అదే దుంపలు వడ్డించుకుంటారు. నా మటుకు నాకు, పొద్దున్నే లేచి టిఫిన్ బాక్స్ సర్దే పని జన్మలో పడలేదు. దానికే సాష్టాంగం పెట్టొచ్చు.

అలా తల్లీ తండ్రీ పిల్లలూ ఎవరి చోట వాళ్ళు పదకొండుకే వేడి భోజనం చేసేస్తారు. ఐదింటికి ఆకలి దానంతటదే వస్తుంది. పైగా ఆరు, ఆరున్నరకి పిల్లలకి ఈత, ఫుట్‌బాల్, ఐస్ హాకీ. ఈ రెంటి మధ్యలో ఇమిడిందే ఇంటి భోజనం. అందరూ కలిసి కూర్చుంటారని కూడా కాదు. ప్రాక్టీసుకి పోయేవాడు ముందు తినేసి పోతాడు, వచ్చినవాళ్ళు వచ్చినట్టు తింటారు. వేళ ఒకటే, బల్ల ఒకటి కాకపోవచ్చు.

నాకు ఈ వేళ ఒంటబట్టింది మాత్రం డిసెంబర్‌లో. టాంపెరెలో ఆ నెలాఖరుకి పొద్దు మూడింటికే గుంకుతుంది. నాలుగున్నరకి బస్సు దిగేసరికి కటిక చీకటి. దీపాలు పెట్టాక అన్నం తినడం అలవాటైన ప్రాణానికి ఐదింటి భోజనం అప్పుడు ఆలస్యమనే అనిపిస్తుంది. ఇంకోటి కూడా కలిసొచ్చింది. చలికాలంలో ఇండియాకీ ఇక్కడికీ మూడున్నర గంటల తేడా. మాకు ఐదు అంటే గుంటూరులో ఎనిమిదిన్నర, సరిగ్గా అమ్మావాళ్ళు కంచాల ముందు కూర్చునే వేళ. ఫోన్‌ని నీళ్ళ చెంబుకి ఆనించి పెట్టి రెండిళ్ళూ ఒకేసారి తింటాం. తొమ్మిదిన్నరకి తిన్నన్నాళ్ళూ ఇది కుదరలేదు, మాకు అన్నం వేళకి అక్కడ అర్ధరాత్రి దాటేది. మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు ముందుకి జరిపినప్పుడు తేడా రెండున్నరకి దిగుతుంది. అప్పుడు అమ్మ ఇంకా పొయ్యి దగ్గరే ఉంటుంది, మేం తింటుంటే చూస్తూ పోపు వేస్తుంది.

వేసవిలో లెక్క తిరగబడుతుంది. అత్తయ్యగారు జూన్‌లో వచ్చారు. ఐదింటికి కంచం పెడితే, "నడినెత్తిన ఎండ ఉండగా రాత్రి అన్నం ఏమిటమ్మా?" అన్నారు. సరే, సంజె దీపం పెట్టాక తింటానన్నారు. ఎనిమిదైంది, ఎండ. పదైంది, ఇంకా ఎండే. జూన్ మధ్యకల్లా ఇక్కడ పొద్దు గుంకేది పదకొండు దాటాక. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని కాసేపు సూర్యుణ్ణి, కాసేపు గడియారాన్ని చూసి, ఇక లాభం లేదని ఎండలోనే దీపం వెలిగించేశారు. మర్నాటి నుంచి, "మీ ఐదూ వద్దు, నా తొమ్మిదీ వద్దు, ఏడింటికి పెట్టు" అని రాజీ కుదిర్చారు. ఉన్నన్నాళ్ళూ ఆవిడకి ఏడే.

కాఫీ గురించి రాయకపోతే ఫిన్లాండ్ తిండి గురించి రాసినట్టే కాదు. తలసరి కాఫీ వాడకంలో ఈ దేశం ప్రపంచంలోనే మొదటి వరసలో ఉంటుంది, ఏడాదికి మనిషికి సుమారు పది కిలోల పొడి. కాఫీ విరామం ఇక్కడ కార్మిక ఒప్పందాల్లోనే రాసి ఉంటుంది, యజమాని దయ మీద ఆధారపడింది కాదు. మా ఆఫీసులో తొమ్మిదిన్నరకి ఒకసారి, రెండింటికి ఒకసారి. గింజని లేతగా వేయిస్తారు. పల్చగా, పుల్లగా ఉంటుంది. చిక్కటి డికాక్షన్ అలవాటైన నాలిక్కి అది కాఫీ కాదు. అయినా రెండింటికి కాఫీ గదికి వెళ్తాను. లంచ్‌లో నోరు విప్పని వాళ్ళు అక్కడే నాలుగు మాటలు మాట్లాడతారు.

ఎవరైనా ఇంటికి కాఫీకి పిలిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. యాలకుల పొడి వేసిన తియ్యటి బన్ను, కేకు, బిస్కెట్లు, మనం వెళ్ళింది పెద్దవాళ్ళింటికైతే ఇంకా రెండు మూడు రకాలు. వెనకటి రోజుల్లో మర్యాదగల ఇల్లాలు కాఫీ బల్ల మీద ఏడు రకాలు పెట్టాలనేవారట. యాలకుల వాసన ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గర ఎదురైతే కడుపు నిండిపోయినట్టే ఉంటుంది. భోజనం వేరు, కాఫీ వేరు. మధ్యాహ్నం రెండు గంటలకి కాఫీకి పిలిచారంటే అన్నం ఉండదు, తిని వెళ్ళాలి.

గురువారం వస్తే దేశమంతా బఠాణీ సూప్. క్యాంటీన్లలో, బళ్ళలో, సైన్యంలో కూడా. ఎండు బఠాణీలని పంది మాంసంతో మెత్తగా ఉడికించి, పైన ఆవ ముద్ద కలుపుకుని తింటారు. తర్వాత ఓవెన్‌లో కాల్చిన మందపాటి పాన్‌కేక్, జామ్. క్యాథలిక్ కాలంలో శుక్రవారం ఉపవాసం కాబట్టి ముందురోజు కడుపునిండా తినేవారని, మతం మారినా సూప్ మిగిలిందని చెబుతారు. మా ఆయనకి గురువారం బాబా వారం, ఒంటిపూట భోజనం. మాంసం లేని బఠాణీ సూప్ కూడా పక్కనే పెడతారు కాబట్టి, ఒంటిపూట కాస్తా దాంతో గడిచిపోతోంది.

ఇంట్లో మేం మార్చుకున్నది వేళల్నే, వంటని కాదు. పొద్దున్న ఉప్మా బదులు ఓట్స్ గంజి మాత్రం వచ్చింది, అదీ పాప వల్ల. డేకేర్‌లో నేర్చుకొచ్చింది: వేడి గంజి మధ్యలో గుంట చేసి, అందులో వెన్న ముక్క వేసి, కరిగే వరకూ ఆగి చెంచాతో అంచుల నుంచి తినడం. వేడన్నంలో నెయ్యి గుంట చేసే ఇంట్లో దానికి ఒప్పించడానికి ఎవరినీ బతిమాలక్కర్లేకపోయింది. ఐదింటికి అన్నం, పప్పు, కూర. పెరుగన్నం మాత్రం అప్పుడు తినం. అది ఏడున్నరకి. వాళ్ళు రొట్టె మీద చీజ్ ముక్కో, పెరుగో, పండో తినే ఇల్తపలలో మా పెరుగన్నం చక్కగా సర్దుకుంది. భోజనాన్ని అలా రెండు ముక్కలు చేయొచ్చని నాకు ముందు తట్టలేదు. పాప హాయిగా నిద్రపోతుంది, మాకూ రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు తీసే పని తప్పింది. పీమా అని ఇక్కడ పుల్లటి మజ్జిగ డబ్బాల్లో దొరుకుతుంది. కాస్త శనగపిండి కలిపితే మజ్జిగ పులుసుకి దానికి మించింది లేదు.

వడ్డన దగ్గర మాత్రం నేను ఇంకా రాజీపడలేదు. ఫిన్నిష్ ఇళ్ళలో గిన్నెలు బల్ల మీద పెట్టి, తీసుకోండి అంటారు. ఒక్కసారి. తర్వాత ఎవరెంత తిన్నారో చూడరు. ఇంకొంచెం, నా మాట మీద ఒక్క ముద్ద అనే బతిమాలింపు ఉండదు. వద్దంటే నిజంగానే వద్దని తీసుకుంటారు. గిన్నెలో చివరి ముక్క అలాగే ఉండిపోతుంది, ఎవరూ తీసుకోరు. లేచేటప్పుడు పిల్లలతో సహా అందరూ భోజనానికి థాంక్స్ చెప్పి, కంచం సింక్ దాకా మోస్తారు. ఈ ఆఖరిది మా పాపకి అలవాటైంది. అమ్మమ్మ ఇంట్లో కూడా కంచం ఎత్తబోతే, "చిన్నపిల్లవి, నీకెందుకే" అని లాక్కున్నారు. అది ఫిన్నిష్‌లో ఏదో గొణుక్కుంది.

అన్నిటికంటే కష్టమైంది కింది ఫ్లాట్ పిల్లతో వచ్చింది. మా పాపకి స్నేహితురాలు, బడి కాగానే మా ఇంట్లోనే ఆట. ఒకరోజు దోసెలు పోస్తున్నాను. నాలుగూ నలభై ఐదుకి వాళ్ళమ్మ నుంచి మెసేజ్: మా భోజనం ఐదింటికి, దయచేసి పంపించండి. పెనం మీద దోసె ఎర్రగా కాలుతోంది, ఇల్లంతా వాసన, ఆ పిల్ల గుమ్మంలో బూట్లు తొడుక్కుంటోంది. ఒక్కటి తిని వెళ్ళమ్మా అన్నాను. అమ్మని అడగాలంది. అడిగితే, ఇవాళ వద్దు, థాంక్స్ అని జవాబు. పిల్ల వెళ్ళిపోయింది. మన వైపు ఇది తగువంత మాట. పక్కింటి పిల్లకి పెట్టకుండా మన పిల్లకి పెడితే దిష్టి అని పెరిగినదాన్ని.

ఆఫీసులో కాఫీ దగ్గర చెప్పుకుని బాధపడితే ఒక పెద్దావిడ ఓపిగ్గా వివరించారు. ఆ పిల్ల మీ ఇంట్లో తింటే ఐదింటికి వాళ్ళింట్లో తినదు. ఆరింటికి ఈతకి వెళ్ళి ఆకలంటుంది. వాళ్ళమ్మ వండింది మిగిలిపోతుంది. పైగా మీమీద భారం వేశామని వాళ్ళు మొహమాటపడతారు. అడక్కుండా ఇంకొకరి పిల్లకి భోజనం పెట్టడమంటే వాళ్ళింటి రోజులో వేలు పెట్టడమే. అన్నీ సబబైన మాటలే. నేను ఒప్పుకున్నాను. కానీ దోసె వాసన వస్తుంటే పిల్లని ఉత్త కడుపుతో గుమ్మం దాటించడం నాకు ఇప్పటికీ చేతకాదు. అందుకని వారం మధ్యలో ఆ పిల్ల ఉన్నప్పుడు నేను పెనం ముట్టుకోను.

శనివారం సంగతి వేరు. ఆ రోజు వేళలు కాస్త వదులు. ఇక్కడి పిల్లలకి వారానికి ఒకసారి మిఠాయిలు కొనుక్కునే రోజు కూడా అదే, చేతిలో సంచులతో హుషారుగా ఉంటారు. నేను నేరుగా వాళ్ళమ్మకే మెసేజ్ పెట్టాను: శనివారం ఒంటిగంటకి మా ఇంట్లో దోసెలు, ఇద్దరూ రండి. వెంటనే జవాబు వచ్చింది, తప్పకుండా వస్తామని. ముందు చెప్పి, వేళ చెప్పి పిలిస్తే ఎంత సంతోషంగా వస్తారో! అప్పటి నుంచి వీలైన శనివారాల్లో అది సాగుతోంది. సరిగ్గా ఒంటిగంటకి బెల్ మోగుతుంది, ఒక నిమిషం అటూ ఇటూ కాదు. పిల్ల పచ్చడి ముట్టదు, స్ట్రాబెర్రీ జామ్ రాసుకుని చుట్టుకుని తింటుంది. వాళ్ళమ్మ మాత్రం ఇప్పుడు అల్లం పచ్చడి రెండోసారి తనే వేసుకుంటుంది, నేను బతిమాలక్కర్లేకుండా.